మా నాన్న 38 వేలు పెట్టి లేజర్ వాచీ, మోకాలి లైట్ బెల్టు కొన్నారు. ఇందులో నిజంగా ఏమన్నా ఉందా?

కృష్ణలంక_కుర్రాడు

అందరికీ నమస్తే. మాది విజయవాడ, నేను పుణెలో జాబ్. నాన్నకి 67, షుగర్ పదకొండేళ్ళ నుంచి, మోకాళ్ళ నొప్పులు ఓ మూడేళ్ళుగా. మా వీధి చివర కళ్యాణమండపం కింద హాలు అద్దెకి తీసుకుని ఎవరో ఫ్రీ లైట్ థెరపీ డెమో అని పెట్టారంట. పొద్దున ఆరింటికల్లా టోకెను, అరగంట కూర్చోబెట్టి మోకాలికి ఎర్ర లైట్ల బెల్టు చుడతారు, చేతికి వాచీ లాంటిది పెడతారు, దాని అడుగున ఎర్ర లేజర్ చుక్కలు మణికట్టు మీద పడతాయి, దానికే ఒక వైరు వచ్చి ముక్కులో క్లిప్పు. తర్వాత మైకులో ఒకతను అందరిచేతా చప్పట్లు కొట్టించి ఎవరికి ఎంత తగ్గిందో చెప్పిస్తాడు. నలభై రోజులు ఫ్రీ. నలభై ఒకటో రోజు మా నాన్న 38,000 కట్టి వాచీ, బెల్టు రెండూ సంచిలో వేసుకుని ఇంటికొచ్చారు, అమ్మకి కూడా ముందు చెప్పలేదు.

సంక్రాంతికి వెళ్తే నాకు తెలిసింది. కరపత్రంలో ఏముందంటే నోబెల్ బహుమతి పొందిన టెక్నాలజీ, నాసా వాడినది, ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులు, వైద్య పరికరాలు చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్డ్, సీఈ (యూరప్ ముద్ర), ఆర్‌ఓహెచ్‌ఎస్. వాచీ 650 నానోమీటర్లు (వెలుగు ఏ రంగో చెప్పే తరంగదైర్ఘ్యం కొలత), రక్తాన్ని శుద్ధి చేస్తుంది, షుగర్ బీపీ కొలెస్టరాల్ మూడూ దిగుతాయి. బెల్టు 180 వాట్స్, 660 ప్లస్ 850 నానోమీటర్లు, చదరపు సెంటీమీటరుకి 100 మిల్లీవాట్లు.

నేను దొంగసరుకు అన్నానని నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు. ఆయన దగ్గర లెక్క ఉంది మరి, పరగడుపున షుగర్ 168 ఉండేది ఇప్పుడు 131, మెట్లు కూడా ఇదివరకటికన్నా బానే ఎక్కుతున్నారు. నాకు భయం వేసింది ఎక్కడంటే ఆ మైకు అతను మెల్లగా మాత్రలు తగ్గించుకోవచ్చు అన్నాడంట, ఈయన షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ పూటకి సగం చేసేశారు. మొత్తం మోసమేనా, లేక ఈ లైట్లలో కొంతైనా సైన్స్ ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి, ఆయనకి అర్థమయ్యేలా చెప్పాలి నేను.

బెజవాడ_బజ్జీ

ముక్కులో లైటు పెడితే షుగర్ తగ్గేట్టయితే మా ఊళ్ళో టార్చిలైట్ కొట్టే వాచ్‌మన్‌కి ఎండీ ఇవ్వాలి బ్రో 😂

జోక్స్ పక్కన పెడితే మాత్ర మాత్రం ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చేసి కనుక్కో, మిగతా గొడవ తర్వాత.

సర్క్యూట్_సూరి

లోపల వైద్యం సంగతి డాక్టర్లు చెప్తారు, నేను ఎలక్ట్రానిక్స్ రిపేర్ మనిషిని, నాకు తెలిసింది చెప్తా. బాక్స్ మీద వాట్స్ నమ్మొద్దు, బెల్టుతో వచ్చిన అడాప్టర్ వెనక చిన్న అక్షరాల్లో ఔట్‌పుట్ అని ఉంటుంది, వోల్టులు ఆంపియర్లు, ఆ రెండూ గుణించు. ఈ ఎల్ఈడీ వాళ్ళు ఏం చేస్తారంటే ఒక్కో బల్బు 3 వాట్లు తట్టుకోగలదు కాబట్టి 60 బల్బులు కలిపి 180 అని రాసేస్తారు. తట్టుకోగలగడం వేరు, నిజంగా అంత ఇవ్వడం వేరు. నూతిలో ఉంటేనే కదా చేదలోకి వచ్చేది.

ఇంకోటి, 850 నానోమీటర్ల వెలుగు మన కంటికి దాదాపు కనపడదు, దగ్గరగా పెట్టి చూస్తే ఏదో మసక ఎరుపు తప్ప. అందుకే బెల్టులో సగం బల్బులు ఆరిపోయినట్టు ఉంటాయి, అవి వెలుగుతున్నాయో చచ్చాయో కొన్నవాడికి తెలీదు. ఫోన్ సెల్ఫీ కెమెరా ఆన్ చేసి ముందు టీవీ రిమోట్ బటన్ నొక్కుతూ చూడు, రిమోట్ మూతి దగ్గర తెల్లగానో ఊదాగానో మెరిస్తే నీ కెమెరాకి ఇన్‌ఫ్రారెడ్ కనపడుతున్నట్టు. అప్పుడు అదే కెమెరాతో బెల్టు చూడు. వెనక కెమెరాలకి ఫిల్టర్ ఉంటుంది చాలావాటికి, దాంతో చూసి లేదు అనుకోకు. బెల్టు పొడవు వెడల్పు కూడా కొలిచి పెట్టు ఇక్కడ. వాచీ లేజర్ వైపు మాత్రం ఎవరూ కళ్ళు పెట్టి చూడకండి, పిల్లలుంటే అసలు చేతికివ్వొద్దు.

కృష్ణలంక_కుర్రాడు

డాక్టర్‌గారితో మాట్లాడాను, మాత్ర పాత డోసే వేసుకోమన్నారు, మూడు నెలల షుగర్ టెస్ట్ రాశారు.

సూరి అన్నా, నాన్న పడుకున్నాక చూశా. అడాప్టర్ మీద 12 వోల్టులు 2 ఆంప్స్. లైట్లు ఉన్న భాగం 40 సెంటీమీటర్లు బై 20. బల్బులు 60, అందులో 30 కంటికి కనపడనివి, సెల్ఫీ కెమెరాలో చూస్తే 22 వెలిగాయి, ఒక మూల వరసగా 8 చీకటి.

సర్క్యూట్_సూరి

చూశావా. పన్నెండు రెళ్ళు 24. అంటే ఆ అడాప్టర్ ఊపిరి బిగబట్టి ఇచ్చినా 24 వాట్లు, 180 కాదు. నలభై ఇరవైలు 800 చదరపు సెంటీమీటర్లు. 24 వాట్లు అంటే 24,000 మిల్లీవాట్లు, 800తో భాగించు, 30 వస్తుంది. కరెంటు ఒక్క చుక్క వేడి కాకుండా మొత్తం వెలుగైపోయిందని అనుకున్నా 30 దాటదు, వాళ్ళు రాసింది 100. నిజానికి ఎల్ఈడీలో చాలా భాగం వేడిగా పోతుంది కాబట్టి ఇంకా తక్కువే. ఇది మీ నాన్నగారికి పేపర్ మీద వేసి చూపించు, పాతకాలం వాళ్ళకి లెక్కలు బాగా వచ్చు, మనలా ఫోన్ వెతుక్కోరు.

మోకాలికి హాయిగా ఉంది అంటున్నారు కదా, ఆ వేడే అది. 24 వాట్ల వెచ్చదనం గుడ్డలో చుట్టి ఇరవై నిమిషాలు కడితే ఎవరికైనా హాయిగానే ఉంటుంది. మా ఇంట్లో రబ్బరు వేడినీళ్ళ సంచి చేసే పనే, అది మూడొందలు.

నైట్‌డ్యూటీ_నర్స్

నేను గుంటూరులో పసిపిల్లల ఐసీయూలో చేస్తాను. లైట్ థెరపీ అంటేనే అంతా బోగస్ అని ఎవరైనా తీర్మానిస్తారేమోనని రాస్తున్నా, ఎందుకంటే మాకు రివర్స్‌లో ఇదే గోల, కామెర్లకి లైట్ కింద పెడదాం అంటే ఆ లైట్లతో ఏమవుతుందండీ, ఇంటికి తీసుకెళ్ళి పొద్దుటెండలో పెట్టుకుంటాం అని బామ్మలు గొడవ.

పుట్టిన పిల్లలకి వాడేది నీలం లైటు, సుమారు 460 నుంచి 490 నానోమీటర్లు. అది వెచ్చదనం కోసం కాదు. బిడ్డ చర్మంలో ఉన్న బిలిరుబిన్, అదే కామెర్లలో పసుపు తెచ్చే పదార్థం, ఆ వెలుగుని పీల్చుకుని రూపం మార్చుకుంటుంది, నీళ్ళలో కరిగే రకంగా అవుతుంది, అప్పుడు పైత్యరసంలో, మూత్రంలో బయటికి పోతుంది. ఎర్ర లైటు పెడితే ఈ పని జరగదు, ఎందుకంటే పసుపురంగు పదార్థం పీల్చేది నీలాన్ని. దీని వెనక కథ కూడా నాకు ఇష్టం, కనిపెట్టింది ఒక నర్సు కాబట్టి 😊 1950ల్లో ఇంగ్లండ్‌లో రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ జీన్ వార్డ్ నెలలు నిండని పిల్లల్ని ఎండకి బయట తిప్పేవారు, ఒక బిడ్డకి ఒళ్ళంతా పసుపు తగ్గి దుప్పటి అంచు కప్పిన చోట మాత్రం పసుపు అలాగే ఉండడం చూసి డాక్టర్లకి చూపించారు. తర్వాత వాళ్ళు లైట్లతో చేసి చూసి 1958లో పేపర్ రాశారు.

మేం ఊరికే లైట్ వేసి వదిలెయ్యం. కళ్ళకి గంతలు, డైపర్ తప్ప ఒంటి మీద గుడ్డ ఉండదు, లైట్ బలం మీటర్‌తో కొలుస్తాం, కొన్ని గంటలకోసారి రక్తం తీసి నంబర్ చూస్తాం, దిగితే ఆపేస్తాం. ఎవరూ మైకులో చెప్పరు, చప్పట్లు అసలే లేవు. మీ నాన్నగారి వాచీ విషయంలో నేనైతే అడిగేది ఒక్కటే, ఆ ఎర్ర వెలుగుని ఒంట్లో ఏది పీల్చుకుంటుంది, పీల్చుకుంటే షుగర్ ఎట్లా దిగుతుంది. రక్తం శుద్ధి అంటే ఏం పదార్థం పోయింది, పోయినట్టు ఏ టెస్టులో తెలిసింది.

పాజిటివ్_ప్రసాద్

అన్నీ తెలిసినట్టు మాట్లాడేస్తారు అందరూ. నేను రెడ్ లైట్ హెయిర్ క్యాప్ ఆరు నెలలు వాడా, కణత దగ్గర జుట్టు చిక్కబడింది, మా ఆవిడే చెప్పింది. పనిచేస్తే చాలు కదా, ఎలా పనిచేస్తే ఏంటి. ఆ అంకుల్‌కి షుగర్ దిగింది, నొప్పి తగ్గింది, ఇంక మీ లెక్కలెందుకు? ఇవన్నీ వస్తే మందుల కంపెనీలకి నష్టం, అందుకే తొక్కేస్తున్నారు.

సగటు_మనిషి

ప్రసాద్ గారూ మీ క్యాప్ సంగతి నేను కాదనను. జుట్టుకి ఈ లైట్ల మీద ట్రయల్స్ ఉన్నాయి, లేజర్ దువ్వెన ఒకదానికి 2007లో అమెరికా ఎఫ్‌డీఏ క్లియరెన్స్ కూడా వచ్చింది. అసలు ఈ తక్కువ పవర్ లేజర్ల కథ మొదలైందే వెంట్రుకలతో, 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే డాక్టరు ఎలుకల వీపు గొరిగి రూబీ లేజర్ వేస్తే, వెయ్యని ఎలుకల కన్నా వాటికి తొందరగా బొచ్చొచ్చింది. కాకపోతే దాన్నుంచి షుగర్ తగ్గుతుంది అనే చోటికి దూకడానికి మధ్యలో వంతెన లేదు, అక్కడే నా పేచీ. ఒక రంగు లైటు ఒక జబ్బుకి పనిచేస్తే అన్ని రంగులూ అన్ని జబ్బులకీ పనిచేసినట్టు కాదు.

నేను హైదరాబాద్‌లో ట్రయల్స్ డేటా చూసే పని చేస్తాను కాబట్టి ఆ కరపత్రం మీద కొంచెం ఎక్కువే రాస్తా, ఓపికుంటే చదవండి.

నోబెల్ నిజమే. 1903లో డెన్మార్క్‌లో పనిచేసిన నీల్స్ ఫిన్సెన్‌కి ఇచ్చారు, చర్మానికి వచ్చే క్షయకి ఆర్క్ ల్యాంప్ వెలుగుని కటకాలతో ఒకచోటికి పోగుచేసి వైద్యం చేసినందుకు. ఆయన కాలానికి లేజరే లేదు. మీ నాన్నగారి వాచీకీ ఆయనకీ ఉన్న చుట్టరికం మా తాత ఎడ్లబండికీ విమానానికీ ఉన్నంత, రెంటికీ చక్రాలుంటాయి. నాసా కూడా నిజమే, అంతరిక్షంలో మొక్కలు పెంచడానికి ఎర్ర ఎల్ఈడీల మీద డబ్బు పెట్టింది, 1990ల్లో వాటినే గాయాలు మానడం మీద కూడా పరీక్షించారు. అందులో షుగర్ ఎక్కడా లేదు.

ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్ అంటే పుస్తకంలో పేరు రాయించుకున్నారని, అంతే. రిజిస్టర్ అయితే మేం ఒప్పుకున్నట్టు కాదని ఎఫ్‌డీఏనే చెప్తుంది. క్లియర్డ్ అంటే ఇప్పటికే మార్కెట్లో ఉన్న ఇంకో పరికరంలాంటిదే అని చూపించడం. అప్రూవ్డ్ అనేది ఇంకా పై మెట్టు. ఇక ఆర్‌ఓహెచ్‌ఎస్ అంటే వస్తువులో సీసం, పాదరసం లాంటివి హద్దు దాటలేదని, అది మిక్సీ మీదా ఉంటుంది, ఛార్జర్ మీదా ఉంటుంది.

ఇప్పుడు అసలుది. పనిచేసింది కదా అంటారు. షుగర్ వల్ల కాళ్ళ నరాలు మొద్దుబారిన వాళ్ళకి ఇన్‌ఫ్రారెడ్ లైట్ల మెత్తలు అమెరికాలో ఒకప్పుడు తెగ అమ్మారు, వాడినవాళ్ళు స్పర్శ తిరిగొచ్చింది అని చెప్పేవాళ్ళు. 2008లో ఒక ట్రయల్ వచ్చింది, 69 మందిని తీసుకుని సగం మందికి నిజం మెత్తలు, సగం మందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండి లైటు రానివి ఇచ్చారు, ఎవరికి ఏది అన్నది వాడేవాళ్ళకీ తెలీదు, కొలిచేవాళ్ళకీ తెలీదు. రోజూ 40 నిమిషాలు, 90 రోజులు, ఇంట్లోనే. చివర్న చూస్తే నిజం మెత్తకీ ఉత్త మెత్తకీ తేడా రాలేదు. అంతకు ముందే 2006లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ వాళ్ళు దీనికి డబ్బులివ్వం అని తేల్చేశారు. ఇన్‌ఫ్రారెడ్ కాబట్టి ఇలా గుట్టుగా ఉత్తది ఇవ్వగలిగారు, కనపడే ఎర్ర లైటుతో ఈ పరీక్ష చెయ్యడం కష్టం, వెలుగుతోందో లేదో పేషెంటుకే తెలిసిపోతుంది.

తమ్ముడూ మీ నాన్నగారి 168, 131 గురించి రెండు మాటలడుగు. ఆ డెమో హాలుకి రోజూ నడిచే వెళ్ళారా, ఎంత దూరం? మైకు అతను తిండి గురించి ఏమన్నా చెప్పాడా? నాకు సమాధానం తెలిసినట్టే ఉంది.

మందుల కంపెనీల కుట్ర అనే మాట కూడా కొత్తది కాదండోయ్. 1873లో బొంబాయిలో పుట్టిన దిన్షా ఘడియాలీ అని ఒకాయన అమెరికా వెళ్ళి 1920లో స్పెక్ట్రోక్రోమ్ అని మొదలెట్టాడు, పెద్ద బల్బు ముందు రంగు గాజుపలకలు, ఏ జబ్బుకి ఏ రంగో పట్టిక, అన్ని జబ్బులూ అందులోనే. డాక్టర్లు నన్ను తొక్కేస్తున్నారనే ఆయనా అన్నాడు. 1947లో కోర్టు 20,000 డాలర్లు జరిమానా వేసింది. మనవాడే అని గర్వపడాలో ఏమో మరి.

సిద్దిపేట_సిన్నోడు

మా అమ్మ గూడ గట్లనే పోయేది అన్నా, రోజు పొద్దుగాల. నేను వద్దన్నకొద్ది ఇంక మొండికి పడ్డది. తర్వాత సమజైంది నాకు, ఆడ ముప్పై మంది ముసలోళ్లు ఉంటరు, ఆ పోరగాండ్లు అమ్మా కూసో, నాయినా నీళ్లు తాగుతవా, నిన్న రాలేదేంది అని అడుగుతరు. మేం ఇంట్ల ఎవ్వలం అడుగుతున్నం గట్ల? లైటు కోసం కాదు పోయేది, ముచ్చట కోసం పోతున్నరు.

కానీ ఒకటి చెప్త, పైలం. మా అమ్మకు షుగర్‌తోని అరికాళ్లల్ల సుర్కు తెల్వదు. లైట్ల మెత్త పాదానికి కట్టుకొని అట్లనే పండుకున్నది, లేచి చూస్తే బొబ్బ. తెల్లారి దాంక ఆమెకు తెల్వనే లేదు. మానెతందుకు రెండు నెలలు వట్టింది, డ్రెస్సింగులకు అయిన పైసలు మెత్త కన్న ఎక్కువ.

మంచుదేశం_మాధవి

స్టాక్‌హోమ్ నుంచి. ఇక్కడ డిసెంబర్లో పగలు ఆరు గంటలే, ఎనిమిదీ ముప్పావుకి తెల్లారి మూడు కాకముందే చీకటి. రెండో చలికాలం నాకు మంచం మీంచి లేవబుద్ధి కాలేదు, ఊరికే ఏడుపు, అన్నం కూర అన్నీ వదిలేసి బిస్కెట్లు తినడం. డాక్టర్ లైట్ బాక్స్ వాడమన్నారు. ఇది తెల్ల లైటు, వెలుగు కొలతలో 10,000 లక్సులు, పొద్దున్నే అరగంట, కళ్ళు తెరిచే ఉండాలి కానీ లైటు వంక గుచ్చి చూడక్కర్లేదు, నేను దాని పక్కన ఉప్మా తింటూ కూర్చుంటా. చలికాలపు డిప్రెషన్ కోసం ఈ పద్ధతిని 1984లో నార్మన్ రోసెంతాల్ అనే మానసిక వైద్యుడి బృందం వాళ్ళు రాసినప్పటి నుంచీ పరీక్షిస్తూనే ఉన్నారు. బైపోలార్ (మూడ్ బాగా పైకీ కిందికీ ఊగే జబ్బు) ఉన్నవాళ్ళకి ఉన్మాదం వైపు తిప్పే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టర్‌ని అడక్కుండా వాడొద్దు.

నాకు నవ్వొచ్చేదేంటంటే మా అత్తగారు వీడియో కాల్లో చూసి ఒంగోలుకి కూడా ఒకటి పంపమన్నారు. అత్తయ్యా మీ పెరట్లో నిలబడితే అంతకి ఎన్నో రెట్లు వెలుగు ఊరికే వస్తుంది అని చెప్పా, పిసినారిదాన్ననుకున్నారు.

ఫిజియో_ఫణి

నేను క్లినిక్‌లో లేజర్ వాడతాను, ముందే చెప్పేస్తున్నా, కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకునే వినండి. క్యాన్సర్‌కి రేడియేషన్, కీమో తీసుకునేవాళ్ళకి నోరంతా పుళ్ళు పడతాయి, అవి రాకుండా తక్కువ పవర్ లేజర్ వాడమని అంతర్జాతీయ గైడ్‌లైన్సే సిఫారసు చేస్తాయి, ఇది గట్టి విషయం. మోకాళ్ళ అరుగుదలకి ట్రయల్స్ అటూ ఇటూ ఉన్నాయి, సరైన డోసులో ఇస్తే నొప్పి కొంత తగ్గిందని కొన్ని, ఏం లేదని కొన్ని. డోసు ఎక్కువైతే ఎక్కువ ఫలితం కూడా కాదు ఇందులో, ఎంతసేపు పెడితే అంత మంచిది అని ఎవడైనా అంటే వాడికి తెలీదని అర్థం. ఇది అరిగిన గుజ్జుని తిరిగి పెంచుతుందని మాత్రం నేను ఏ పేషెంటుకీ చెప్పను.

అంకుల్‌కి తొడ ముందు కండరం బలం ముఖ్యం. టవల్ ఉండ చుట్టి మోకాలి కింద పెట్టుకుని, కాలు చాపి దాన్ని కిందికి నొక్కి అయిదు లెక్కపెట్టి వదలాలి, పదిసార్లు, పూటకోసారి. ఒకసారి దగ్గర్లో ఫిజియోకి చూపించి మొదలుపెట్టమనండి.

కోర్టుపక్షి

డబ్బు సంగతి ఎవరూ మాట్లాడలేదు. షుగర్ తగ్గిస్తాం అని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం, ఆ జబ్బుల పట్టికలో డయాబెటిస్ ఉంది. కరపత్రం పారెయ్యొద్దు, అదే సాక్ష్యం. బిల్లు ఉందా? ముందు 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోండి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు కూడా లేదు.

కృష్ణలంక_కుర్రాడు

అప్‌డేట్. బిల్లు అని ఇచ్చింది తెల్లకాగితం రసీదు, దాని మీద ఉన్న నంబర్ కలవట్లేదు, హాల్లో ఇప్పుడు చీరల ఎగ్జిబిషన్ నడుస్తోంది. 1915కి చేశాను, నంబర్ ఇచ్చారు, చూద్దాం.

సగటు మనిషి గారూ మీరన్నట్టే. హాలు వీధి చివరే అయినా నాన్న సెంటర్ అయ్యాక ఆ బ్యాచ్‌తో కలిసి కృష్ణ ఒడ్డు దాకా నడిచి టీ తాగి వచ్చేవారంట, రానూపోనూ మూడు కిలోమీటర్లు. టీలో పంచదార మానేశారు, రాత్రి అన్నం బదులు రెండు పుల్కాలు, అది కూడా మైకు అతను చెప్పిందే. అంటే వాడు చెప్పినవాటిలో ఊరికే చెప్పింది పనిచేసింది, డబ్బులు తీసుకున్నది చెయ్యలేదు.

లెక్క పేపర్ మీద వేసి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు భాగించి చూసుకున్నారు. ఏమీ అనలేదు. కాసేపాగి మరి పొద్దున్నే నేను ఎక్కడికి పోవాలిరా అన్నారు. సిద్దిపేట అన్న రాసింది అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ బ్యాచ్‌లో నలుగురి నంబర్లు తీసుకుని వాట్సాప్ గ్రూప్ చేసి ఇచ్చా, ఇప్పుడు ఆరింటికి నేరుగా ఒడ్డు దగ్గరే కలుస్తున్నారు. టవల్ ఎక్సర్‌సైజు అమ్మ దగ్గరుండి చేయిస్తోంది, లెక్క తప్పిస్తే మొదట్నుంచీ.

వాచీ బీరువాలో పెట్టేశారు. బెల్టు వేరే ఎవరికీ ఇవ్వనివ్వట్లేదు, పరువు. అడాప్టర్ మాత్రం నేను తీసుకున్నా, మొన్న కరెంటు పోయి వచ్చినప్పుడు కాలిపోయిన మా వైఫై రౌటర్‌ది కూడా 12 వోల్టులు 2 ఆంప్సే, ఈ పోస్ట్ దాని మీదే నడుస్తోంది.